మబ్బయ్య రాని గ్రహణం

నోటినిండా మేకులు పెట్టుకున్న మనిషిని ప్రశ్నలు అడగకూడదు. ఆ సంగతి పళ్ళ డాక్టరుకు తెలియదు. రోజంతా జనం నోళ్ళలో చేతులు పెట్టి, "పిల్లలేం చదువుతున్నారు? ఇల్లు ఎంతవరకు వచ్చింది?" అని అడిగే అలవాటు ఆయనది.

"శుక్రవారం తెరిపి ఇస్తుందంటారా?" అన్నాడు కొట్టు గుమ్మంలోనే నిలబడి, గొడుగు దులుపుతూ.

సోఫా బోర్లా పడి ఉంది. మబ్బయ్య దాని అడుగున గోనె పట్టీని బిగువుగా లాగి, మోకాలితో అదిమి, ఒక్కొక్క మేకునే నాలుకతో పెదవుల మీదికి తోసి అందుకుని, రెండేసి దెబ్బలతో దించేస్తున్నాడు. పట్టీ చివరికంటా అయ్యాక మిగిలిన మేకులు అరచేతిలోకి ఉమ్మి, అప్పుడు జవాబు చెప్పాడు.

"గాలి తిరిగింది డాక్టరుగారూ. ఇస్తుందేమో, చూద్దాం."

"ఇవ్వాలి. ఇప్పుడు తప్పిందంటే ఇంత పెద్ద చంద్రగ్రహణం మనకు మళ్ళీ ఎప్పటికో. అప్పటిదాకా టీచరుగారి కళ్ళు ఆగవు." డాక్టరు సోఫా కాలు పట్టుకుని ఊపి చూశాడు. దవడ పట్టుకుని వచ్చినవాళ్ళంతా ఆయన ఆసుపత్రిలో ఆ సోఫా మీదే కూర్చుంటారు. భయంతో చేతులు పిసుక్కుంటూ రెగ్జిన్ గిల్లేసి గిల్లేసి స్పాంజి బయటపెట్టారు. "సాయంత్రం అందరం మా దగ్గర కలుస్తున్నాం. వ్యాను సంగతీ అదీ తేల్చుకోవాలి. వీలైతే మీరూ రండి."

చివరి మాట గొడుగు విప్పుకుంటూ అన్నాడు, మొహం చూడకుండా.

మబ్బయ్య అనేది ఆయన అసలు పేరు కాదని వేరే చెప్పాలా? కన్నతల్లి ఎవరూ అలాంటి పేరు పెట్టదు. అది నక్షత్ర సంఘం పెట్టిన పేరు. సంఘం అంటే ఆకాశం పిచ్చి ఉన్నవాళ్ళు పట్టుమని పదిమంది, ఒక టెలిస్కోపు, మబ్బయ్య కుట్టిన వాలు కుర్చీలు. పైకి చూసి చూసి మెడ పట్టేయకుండా ఎవరి మెడకు తగ్గ దిండు వాళ్ళకు కుట్టి పెట్టాడు. అయితే ఆయన వెళ్ళిన ప్రతి సంపూర్ణ గ్రహణానికీ ఆకాశం మూసుకుపోయింది. ఒక్కసారి జ్వరంతో మంచం దిగలేదు, ఆ రోజు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండి మిగతావాళ్ళంతా కళ్ళారా చూశారు. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే. అంతేనని అందరికంటే బాగా తెలిసినవాళ్ళు ఈ సంఘంవాళ్ళే. బడుల చుట్టూ తిరిగి, గ్రహణానికి భయపడి తలుపులేసుకోకండి, శకునాలు నమ్మకండి అని పిల్లలకు చెప్పేది వాళ్ళే. టీచరుగారు చెబుతుంటే దీపం పట్టుకుని సూర్యుడిలా నిలబడేది మబ్బయ్య. చంద్రుడు ఆయన కుట్టిన తెల్ల రెగ్జిన్ బంతి. కాబట్టి ఆ పేరు ఉత్త వేళాకోళమని అందరూ అనుకున్నారు. ఆయనా అనుకున్నాడు.

సాయంత్రం ఆసుపత్రిలో పేషెంట్లు వెళ్ళిపోయాక కూడా లవంగనూనె వాసన వదల్లేదు. సోఫా మబ్బయ్య కొట్లో ఉండబట్టి అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో ఇరుకుగా కూర్చున్నారు. టీచరుగారు కిటికీ పక్కన కూర్చుంది. ఈ సంఘం మొదలుపెట్టింది ఆవిడే. ఒక కంటికి మనుషులు ఇప్పటికే నీడల్లా కనిపిస్తున్నారు, రెండోది దాని దారే పట్టింది. ఆపరేషన్లకు లొంగే జబ్బు కాదట. ఆవిడ ఈ మాట ఎవరికీ ఏడుస్తూ చెప్పలేదు. పాఠం చెప్పినట్టే చెప్పింది.

"కొండ మీదికి పోదాం" అన్నాడు బేకరీ ఆయన. భారీ మనిషి, మాటకు ముందు నవ్వు. "ఊరి మీద మబ్బు బోర్లించిన బుట్టలా ఉంది. కొండ మీదైతే గాలి ఉంటుంది, చెదరగొట్టేస్తుంది."

"చంద్రుడు పైకొచ్చేసరికే ఒక అంచు కొరికేసి ఉంటుంది" అన్నాడు డాక్టరు. "చీకటి పడగానే మొత్తం మునుగుతుంది. కాబట్టి వెలుతురు ఉండగానే పైకి చేరాలి. ఒకటే చిక్కు. టెలిస్కోపు వెనక సీటంతా తినేస్తుంది. వ్యానులో ఒకళ్ళు ఎక్కువవుతున్నారు."

"టెలిస్కోపును ఒళ్ళో కూర్చోబెట్టుకోలేంగా" అన్నారెవరో.

"ఒకళ్ళు ఆగాలంటే..." బేకరీ ఆయన మబ్బయ్యకేసి తిరిగాడు. "బావా, నీకు ఒంట్లో ఎలా ఉంది? జ్వరం గిరం ఏమన్నా తగులుతోందా?"

అందరూ నవ్వారు. మబ్బయ్యా నవ్వాడు. ఎప్పుడూ అయితే ఆ నవ్వు అక్కడితో అయిపోయేది, మాట ఇంకోదాని మీదికి వెళ్ళేది. ఈసారి నవ్వు ఆగింది గానీ మాట ఎక్కడికీ వెళ్ళలేదు.

"జ్వరమొస్తే రొట్టె నేను పంపిస్తాగా" అన్నాడు బేకరీ ఆయన మళ్ళీ. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇది వేళాకోళం కాదని మబ్బయ్యకు అర్థమైంది అప్పుడే.

డాక్టరు పెన్ను మూత తీసి పెడుతున్నాడు. మబ్బయ్య టీచరుగారి వైపు చూశాడు. "ఛ, ఏమిటా మాటలు" అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు. ఇంతకుముందు ఎన్నోసార్లు అంది. అలా అంటూ బేకరీ ఆయన చెవి మెలిపెట్టిన రోజు కూడా ఉంది. ఆవిడ కళ్ళజోడు తీసి చేతిరుమాలుతో తుడుచుకుంది. తుడిచిందే తుడుస్తూ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కిటికీ అవతల చూడటానికి ఏమీ లేదు, వాన నీళ్ళు తప్ప.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మబ్బయ్యే ముందు నోరు విప్పాడు. "నేను రాలేనులెండి. మీ సోఫా శనివారానికి ఇస్తానన్నాగా."

"అయ్యో, సోఫాకేం తొందర" అంటాడేమోనని ఒక క్షణం ఆగాడు.

"అలాగంటారా" అన్నాడు డాక్టరు. "సరే అయితే. మీ ఇష్టం."

తర్వాత మాటలు చకచకా సాగాయి. ఎవరు ఏ తిండి తేవాలో, దుప్పట్లు ఎన్ని కావాలో తేలిపోయింది. మబ్బయ్య వాటన్నిటికీ తలూపాడు. వాలు కుర్చీల్లో ఒకదాని పట్టీ వదులైందని గుర్తొచ్చి, వెళ్ళే ముందు పక్క గదిలోకి వెళ్ళి దాన్ని బిగించి మరీ వచ్చాడు. తన కుర్చీ గోడకు ఆనించి ఉంది. దాన్ని చూడనట్టు నటించడానికి ఆ గదిలో ఎవరూ లేరు, అయినా చూడనట్టే బయటికొచ్చాడు.

మర్నాడు భార్య మిషను మీద సోఫా తొడుగు కుడుతోంది. కొట్టు వెనకే ఇల్లు. కొట్టుకూ ఇంటికీ మధ్య ఒక తెర, అంతే. ఆవిడకు ఆకాశం సంగతి పట్టదు. "నేల మీది పనే తెమలడం లేదు" అంటుంది. ఆయన వాళ్ళతో పోయి తడిసి ముద్దై తిరిగొచ్చినప్పుడల్లా, "ఏం చెప్పాడు మీ చంద్రుడు?" అని వెక్కిరిస్తూనే తువ్వాలు అందిస్తుంది.

"మీరే రానన్నారా, వాళ్ళే వద్దన్నారా?" అంది మిషను ఆపకుండా.

"నేనే అన్నా."

"మీరు రానంటే ఎవరూ రమ్మనలేదా?"

మబ్బయ్య వీపు దిండులో పీచు కూరుతున్నాడు. పిడికెడు పిడికెడే తీసి, ఉండలు విడదీసి, మూలల్లోకి వేళ్ళతో తోస్తున్నాడు. మూల సరిగా నిండకపోతే నెల తిరక్కుండానే కుంగిపోతుంది. "ఇరుకు వ్యాను" అన్నాడు.

"బాగుంది. పిల్లి ఎదురొస్తే నవ్వుతారు, మనిషి ఎదురొస్తే వెనక్కి తిరుగుతారు. చదువుకున్నవాళ్ళు!"

"వాళ్ళు అలాంటివాళ్ళు కాదే. సరదాకి అంటారు."

"టీచరుగారు కూడానా?"

పీచు మరీ ఎక్కువ కూరి దిండు ఒక పక్క ఉబ్బింది, మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఆవిడ మిషను ఆపి, లేచి వచ్చి, ఆ దిండు తీసుకుని తనే సరిచేసింది. మొగుడి మీద జాలి కలిగినప్పుడు ఆవిడ ఆయన చేతిలో పని లాక్కుంటుంది.

"ఆవిడకు చూపు పోతోంది" అన్నాడు. "ఈసారి చూడాలని ఎంత ఆశపడుతోందో నాకు తెలుసు. ఆ ఆశలో మనిషికి ఏదైనా నిజమే అనిపిస్తుంది."

"మరి మీ ఆశో?"

"నాకేం, కళ్ళు బాగున్నాయిగా."

అలా అన్నాడే గానీ, ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా వాళ్ళందరితో కలిసి తిరిగాడు, చలిలో వణికాడు, టెలిస్కోపుకు ఏ స్క్రూ ఎప్పుడు వదులవుతుందో తనకే తెలుసు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, చంద్రుడు పూర్తిగా ఎర్రబడటం చూడాలి. చూసినప్పుడు పక్కన వాళ్ళుండాలి. రెండూ కావాలి ఆయనకు.

శుక్రవారం పొద్దు వాలేవేళ వ్యాను వెళ్ళింది. కొట్టు ముందు నుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. బేకరీ ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు. టీచరుగారు ముందు సీట్లో తిన్నగా చూస్తూ కూర్చుంది. ఆవిడకు ఈ పక్క కన్ను కనపడదు కదా అని మబ్బయ్య తనకు తానే చెప్పుకున్నాడు.

ఆకాశం ఇంకా మూసుకునే ఉంది. ఆయన కొట్టు తలుపు వేసి, దీపం వేసుకుని, సోఫా ముందు కూర్చున్నాడు. తొడుగు ఎక్కించడం అయిపోయింది, అంచులు కుట్టాలి. వంపు తిరిగిన దబ్బనం తీసుకుని దారానికి మైనం పట్టించాడు. లోపలికి గుచ్చడం, మణికట్టు తిప్పడం, పైకి లాగడం. ఇలాంటి పనికి ఆలోచన అక్కర్లేదు, అదే దీనితో వచ్చిన చిక్కు. ఊరికే ఉన్న ఆలోచన కొండెక్కి కూర్చుంటుంది.

చీకటి పడింది. వీధిలో పిల్లల గోల మొదలైంది. ఇరుగుపొరుగు మెట్ల మీద చేరినట్టున్నారు, మాటలు వినబడుతున్నాయి. భార్య కూడా బయటే ఉంది. ఇంతలో ఒక్కసారిగా వీధంతా "ఓ" అంది.

"ఏవండీ!" భార్య గొంతు. అలాంటి గొంతు ఆవిడకు ఉందని ఆయనకు తెలియదు. "విడిపోయింది! మొత్తం విడిపోయింది! రండి!"

ఆయన దబ్బనం చేతిలో ఉండగానే లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. గడియ మీద చెయ్యి వేశాడు.

అక్కడ ఆగిపోయాడు.

ఇక్కడ విడిపోయిందంటే కొండ మీదా విడిపోయి ఉంటుంది. ఇప్పుడు వాళ్ళంతా వాలు కుర్చీల్లో వెనక్కి వాలి ఉంటారు. టీచరుగారు మంచి కన్ను టెలిస్కోపుకు ఆనించి ఉంటుంది. ఈ సమయంలో తను బయటికి వెళ్ళి తలెత్తితే? ఏమీ కాదు. మబ్బుకు తెలుసా సోఫాలు కుట్టేవాడెవడో? తెలియదు. దీపం పట్టుకుని పిల్లల ముందు ఎన్నిసార్లు నిలబడలేదు! ఏమీ కాదని ఆయనకు రేపు పొద్దు పొడుస్తుందన్నంత నిశ్చయంగా తెలుసు. కానీ ఒకవేళ అయితే? తను తలెత్తిన క్షణానే అక్కడ మబ్బు కమ్మితే? ఎవరికీ తెలియకపోవచ్చు. తనకు తెలుస్తుంది. ఆవిడ చివరి గ్రహణాన్ని తానే మింగేశానని చచ్చేదాకా అనుకోవాల్సి వస్తుంది. వాళ్ళు నవ్వుతూ నాటిన ముల్లు ఇంత లోతు దిగిందని ఇప్పటిదాకా ఆయనకే తెలియదు. సిగ్గేసింది. సిగ్గేసినా చెయ్యి గడియ తీయలేదు.

తిరిగొచ్చి సోఫా పక్కన నేల మీద కూర్చున్నాడు. వెంటిలేటరు లోంచి ఆకాశం కనిపిస్తుందేమోనని దానికి వీపు పెట్టాడు.

భార్య ఇంకోసారి పిలిచింది. తర్వాత పెరటి దారిన తెర తొలగించుకుని లోపలికే వచ్చింది. "ఏం చేస్తున్నారు? ఎర్రగా ఉందండీ, నిజంగా ఎర్రగా. రండి." చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన కదల్లేదు.

"వద్దు. వాళ్ళను చూడనీ."

"ఎవర్ని?"

ఆయన ఆవిడ మొహంకేసి చూడలేకపోయాడు. ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చెయ్యి లాగడం మానేసింది. ఆయన పక్కనే నేల మీద చతికిలబడింది. చేతిలోంచి దబ్బనం తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. వాళ్ళిద్దరూ అలాగే కూర్చున్నారు, లేవమని ఎవరైనా చెప్పేదాకా ఆగినట్టు.

మర్నాడు పొద్దున్నే వ్యాను కొట్టు ముందు ఆగింది. ముందు డాక్టరు దిగాడు. బేకరీ ఆయన టీచరుగారి చెయ్యి పట్టుకుని దింపాడు. ముగ్గురి బట్టలూ నలిగి ఉన్నాయి, బూట్లకు బురద.

"సోఫా తయారు" అన్నాడు మబ్బయ్య. గొంతు మామూలుగా ఉంచడానికి పొద్దుటి నుంచీ తయారవుతున్నాడు. "బాగా కనిపించిందా?"

బేకరీ ఆయన తలుపు చెక్క గీకుతున్నాడు.

"ఏం కనిపించింది బావా" అన్నాడు చివరికి. "కళ్ళముందు పెట్టుకున్న చెయ్యే కనిపించలేదు. మబ్బు వచ్చి మా నెత్తినే కూర్చుంది. చంద్రుడు ఎటున్నాడో కూడా తెలియలేదు. దారి కనపడక తెల్లారేదాకా వ్యానులోనే పడి ఉన్నాం. నీ మీద వేసిన నింద మా వెంటే కొండెక్కింది."

"ఊళ్ళో మాత్రం అద్దంలా ఉందట" అన్నాడు డాక్టరు. "కింద పాలవాడు చెప్పాడు. మీకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో... తప్పు మాది మబ్బయ్యగారూ. ఆ రోజు ఎవరైనా ఒక్కరు నోరు తెరవాల్సింది."

"నేను తెరవాల్సింది" అంది టీచరుగారు. సోఫాను చేత్తో తడుముకుని అంచున కూర్చుంది. "ఊరూరా తిరిగి పిల్లలకు చెప్పినదాన్ని. నాయనా, నాకు కనిపించకపోయినా బాధ లేదు, నాకు తగిన శాస్తే. నువ్వైనా చూశావు. అదొక్కటే ఊరట. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాం. చెప్పు, ఎలా ఉంది?"

ముగ్గురూ ఆయన నోటికేసి చూస్తున్నారు. ఆకలిగా చూస్తున్నారు. చూశానని ఒక్క మాట అంటే వాళ్ళ మనసు తేలికపడుతుంది, తన పరువూ దక్కుతుంది. పుస్తకాల్లో చదివిందే చెప్పొచ్చు. కానీ చూడనిది చూశానని చెప్పకూడదని ఈవిడే కదా నేర్పింది.

"నేను చూడలేదు" అన్నాడు.

"ఇంట్లో లేరా?" అన్నాడు డాక్టరు.

"ఉన్నా."

"మరి?"

తెర వెనక నుంచి భార్య వచ్చింది. "తలుపేసుకుని లోపల కూర్చున్నారు. తను బయటికొస్తే మీకు మబ్బు పడుతుందని. టీచరుగారు చూడాలని." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

బేకరీ ఆయన మొహం అటు తిప్పుకుని వీధికేసి నిలబడ్డాడు, ఆ భారీ వీపు కదులుతోంది. టీచరుగారు మాట వచ్చిన వైపు చెయ్యి చాపింది.

"నువ్వు చూశావా అమ్మా?"

"చూశాను."

"అయితే నువ్వు చెప్పు. నీకు ఎలా కనిపించిందో అలాగే."

ఇన్నేళ్ళలో ఆ సంఘంవాళ్ళు మబ్బయ్య భార్యను ఒక్క మాట అడగడం అదే మొదటిసారి. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకు మీలాగా చెప్పడం రాదు. మబ్బు పక్కకు జరిగేసరికి కొంచెమే తెల్లగా మిగిలి ఉంది, గోరంత. అదీ పోయింది. పోతే నల్లగా అయిపోతుందనుకున్నా. కాలేదు. నివురు ఊదితే లోపల నిప్పు కనిపిస్తుంది చూడండి, ఆ రంగు. రొట్టె ముక్కలా బల్లపరుపుగా ఉంటుందనుకునేదాన్ని ఎప్పుడూ. నిన్న గుండ్రంగా ఉంది. బంతిలా. అందుకోవచ్చనిపించింది. చుట్టూ అన్ని చుక్కలున్నాయని నాకు తెలియదు, పున్నమి పూట. మెట్ల మీద ఎవరూ మాట్లాడలేదు. నాకెందుకో ఏడుపొచ్చింది." కాస్త ఆగింది. "అంత బాగుంటుందని ఈయన చెబుతుంటే వెక్కిరించేదాన్ని."

మబ్బయ్య అటు తిరిగి సోఫా అంచు కుట్టు సరిచూస్తున్నట్టు వేలితో రాస్తున్నాడు. అక్కడ సరిచేయడానికేమీ లేదు. ఆయన వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"మళ్ళీ వెలుతురు వచ్చేటప్పుడు... ఆ మొదటి మెరుపు కింది అంచున పడుతుందంటారు. అప్పుడు ఎలా ఉంది?"

భార్య ఆయన వీపుకేసి చూసింది.

"అది నేను చూడలేదండీ" అంది. "అప్పుడు లోపల మీ పక్కన కూర్చుని ఉన్నాను."